ఇరవై నిమిషాలు

మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ దిగే నా కొడుకు గౌరీసు, ఒంటిగంటా నలభైకే వెళ్లిపోతున్నట్టు గేటు కంప్యూటరు రోజూ రాస్తోంది. పోర్టు రోడ్డులో లారీల ఆఫీసు మాది. వాడు వాచ్‌మన్, నేను ఊడుస్తాను.

"గేటొదిలేసి పారిపోతన్నాడు మీవోడు. రేపట్నుంచి రావద్దని సెప్పు," అన్నాడు మేనేజరు.

"పోర్టులో రెండింటి సైరను కూసాకే ఎల్తన్నాడు బాబూ. మీ మిసనే పిచ్చిది."

"కంప్యూటరుకి నువ్వు టైము నేర్పుతావేటి ముసిల్దానా? రోజూ పొద్దున్నే నా వాచీ చూసి పెట్టే టైమది."

ఇద్దరు పసిపిల్లలున్నవాడు, ఉద్యోగం పోతే ఎలాగన్న బెంగతో నేను గుమ్మం వదల్లేదు. నా గోల పడలేక ఇంజనీరును పిలిచారు. అతను నెట్‌వర్కు వైరు కలిపాడు. ఇక హైదరాబాదు హెడ్డాఫీసులోని పెద్ద కంప్యూటరే గంటగంటకూ దీని టైము సరిచేస్తుందట, ఎంత తప్పిందో రాసిపెడుతుందట.

వారం తర్వాత వచ్చి ఆ రాత చదివాడు.

"రోజూ పదకొండున్నరకి ఇరవై నిమిషాలు వెనకబడుతోంది. లోపల బ్యాటరీ నీరసించింది, కరెంటు లేకపోతే గడియారం ఆగిపోతుంది. ఆ టైముకి ఎవరో ఇరవై నిమిషాల పాటు ప్లగ్గు పీకేస్తున్నారు."

"గేటు కాడుండేది నువ్వే కదరా," మేనేజరు గౌరీసు మీదికి లేచాడు.

పదకొండున్నరకి గేటు గదిలో నేను తడిగుడ్డ పెడతాను. తడినేల మీద కరెంటు కొడుతుందని ఆ ప్లగ్గు పీకి, నేల ఆరాక మళ్లీ పెడుతున్నది నేనే.

గౌరీసు నా చేతిలోని బకెట్టు చూశాడు. నా మొహం చూశాడు.

"ఔను, నానే పీకాను," అన్నాడు.

నేను బకెట్టు వెనక్కి పెట్టుకున్నాను.