అరచేతంత ముఖం

జెస్లిన్ ఆ ఉదయం కూడా చెక్క ముఖాన్ని కడిగి టోక్పా అంకుల్ మంచం పక్కన పెట్టింది. రాత్రి ఆయన దాని పెదాలకు పూసిన అన్నం, నూనె రోజూ ఆమే కడుగుతుంది. లేకపోతే గదంతా వాసన.

ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో, జెస్లిన్ పనిచేసే వృద్ధుల కేర్ హోమ్‌కు ఆయన లైబీరియా నుంచి వెంట తెచ్చుకున్నవాటిలో అదొక్కటే మిగిలింది. అక్కడి దాన్ తెగవాళ్లకు ఊరు దాటితే అరచేతిలో ఇమిడే ఇలాంటి ముఖమే తోడు. దానికి తిండి పెట్టుకుంటారు.

ఆయనే తినడం లేదు. చిక్కి శల్యమయ్యాడు.

"ఒక్క ముద్ద తినండి అంకుల్," అంది.

"ముందు దానికి పెట్టు. రాత్రి పెట్టిందంతా తెల్లారేసరికి ఊడ్చేస్తోంది చూడు. పాపం, దాని ఆకలి తీరాక నేను తింటాను."

జెస్లిన్ చేతిలో చెంచా ఆగిపోయింది.

మర్నాడు ఆమె దాన్ని కడగలేదు. పెదాలకు ఎండిన మెతుకులు ఆయనకు చూపించింది. "చూశారా, దానికి కడుపు నిండింది. ఇక మీరు తినాలి."

ఆయన ఆ మెతుకులను వేలితో తడిమాడు.

"నిండలేదమ్మా. తినడం మానేసింది. నావాళ్లలో ఇదొక్కటే ఉండేది. ఇదీ పోయింది."

చేతిరుమాలు తీసి దాని మీద కప్పాడు.

రోజూ కడిగింది తానేనని జెస్లిన్ అంతా చెప్పేసింది. ఆయన ఓపిగ్గా విన్నాడు. "నన్ను ఊరడించడానికి అంటున్నావు," అన్నాడు.

మధ్యాహ్నం ఆమె పెట్టిన అన్నం ఆయన పెదాలకే అంటుకుని ఉండిపోయింది. తుడవడానికి ఆమెకు చేతులు రాలేదు.