తోక వాలిన పేరు

"మళ్లీ తిన్నగానే వచ్చింది," అన్నాడు క్రెయిగ్. గొంతులోని నీరసాన్ని దాచుకోవాలని కూడా అతనికి అనిపించలేదు.

వర్జిల్ డ్రిల్లు దించి, బల్ల మీదున్న తుక్కు ఫెండరుకేసి, చక్రం పైన ఉండే ఆ రేకుకేసి, చూశాడు. దాని మీద తాను వేసిన మూడు జతల రంధ్రాలూ గీత గీసినట్టున్నాయి. డెబ్భై రెండేళ్ల మనిషికి చెయ్యి అంత నిలకడగా ఉందంటే ఇంకెవరైనా మెచ్చుకునేవాళ్లే. క్రెయిగ్‌కి మాత్రం ఏడుపొక్కటే తక్కువ.

బల్ల పక్కనే అతని తండ్రి కారు ఉంది. పంతొమ్మిది వందల డెబ్భై మోడల్, పెద్ద ఇంజను మజిల్ కారు, నారింజ రంగు, బానెట్ మీద రెండు నల్ల చారలు. బంపర్లు, కిటికీల చుట్టూ మెరుపు పట్టీలు, చక్రాల మీది అంచులు, అన్నీ పాతవాటిని చూసి ఇప్పుడు చేస్తున్న నకలు సరుకే. నకలు సరుకు ఏనాడూ ఒక పట్టాన కుదిరి చావదు. ఒక్కోదాన్నీ వంచి, ఆకురాయితో అరగదీసి, బతిమాలి బామాలి బిగించాడు క్రెయిగ్. ఇక మిగిలింది ఎడమ ఫెండరు మీద ఉండాల్సిన పేరుబిళ్ల ఒక్కటే.

చిక్కంతా దానితోనే. నిరుడు పాత కార్ల పోటీకి తీసుకెళ్తే జడ్జి వంగి చూసి పెదవి విరిచాడు. "ఆ ఫ్యాక్టరీలో డెబ్భైలో తయారైన బళ్లన్నిటికీ ఎడమవైపు పేరు తోక కిందికి వాలి ఉంటుంది. మీది తిన్నగా ఉంది. ఇది అసలు బండి కాదు" అనేశాడు, నలుగురిలో. నాన్న కొత్తగా కొని, చచ్చేదాకా కళ్లలో పెట్టుకు చూసుకున్న బండిని పట్టుకుని నకిలీ అన్నాడు. ఎప్పుడో దెబ్బతిన్న ఎడమ ఫెండరు మార్చినప్పుడు పేరు తిన్నగా బిగించేశారని ఆ జడ్జికేం తెలుసు. ఆ మాట క్రెయిగ్‌ని ఏడాదంతా తినేసింది. పాత రంధ్రాలు పూడ్పించి, ఫెండరుకి మళ్లీ రంగు వేయించాడు. పోటీ ఎల్లుండే. ఇప్పుడు రంధ్రం తప్పు పడిందంటే ఇంకోసారి రంగు వేయించే వ్యవధి లేదు.

పోనీ కొలిచి వేద్దామంటే ఆ వాలు ఎంతో ఎవరూ తేల్చలేదు. నాన్న పాత ఫొటోలో వాలు తెలుస్తుంది కానీ కొలతకి అందదు. పావంగుళం అని ఒకరంటే, అంత ఉండదని ఇంకొకరు. అందుకే ఓవాసో ఊరంతా వాకబు చేసి, ఆ ఏడాది ఎడమవైపు పేర్లు బిగించిన మనిషినే వెతికి పట్టుకున్నాడు. తీరా ఆయన చేత వేయిస్తే, ఇదీ సంగతి.

"మరోలా అనుకోకండి పెద్దాయనా. మీరు నిజంగా ఆ లైను మీదే పనిచేశారా?"

"నిమిషానికో కారు వచ్చేది అబ్బాయ్. అటొకరం, ఇటొకరం. మధ్యలోంచి కారు సాగిపోతూ ఉండేది. రంధ్రాలు వెయ్యి, బిళ్ల నొక్కు, తరవాతి దానికి తిరుగు. తల గోక్కోడానికి తీరిక ఉండేది కాదు."

"మరి కుడివైపు పేర్లన్నీ తిన్నగానే ఉంటాయేం?"

"అటు పక్క మనిషికి పనంటే పనే. తలెత్తి చూస్తే ఒట్టు." ఎందుకో ఆ మాట నిష్ఠూరంగా అన్నాడు వర్జిల్.

బయట ఎండలో మడతకుర్చీ వేసుకుని కూర్చున్న వర్జిల్ భార్య నెల్డా గుమ్మంలోంచి తొంగి చూసింది.

"ఇంకా అవలేదూ? పొయ్యిలో కాల్చిన చెర్రీ పై చల్లారిపోతోంది. ఈయన చేతికి డ్రిల్లు ఇచ్చినప్పుడే అనుకున్నా."

"వెలుతురు చాలడం లేదు. నువ్వొచ్చి కారుకి అటు పక్కన దీపం పట్టుకో," అన్నాడు వర్జిల్.

క్రెయిగ్ బయటికి చూశాడు. జూలై నెల, మిట్టమధ్యాహ్నం, బార్లా తెరిచిన తలుపులు. ముసలాయనకి చూపు కూడా పోయింది కాబోలు, ఇక నా పని అయినట్టే అనుకున్నాడు.

"చెర్రీ పై తినడానికి రమ్మన్నారనుకున్నా, కూలికి పిలిచారన్నమాట," అని సణుగుతూనే నెల్డా చొక్కా చేతులు పైకి మడుచుకుని, దీపం అందుకుని కుడి ఫెండరు దగ్గర నిలబడింది.

"కాస్త పైకెత్తు. ఇంకాస్త. ఆఁ, అలాగే ఉండు."

"చేతులు లాగేస్తున్నాయి, త్వరగా కానీ."

"యాభై ఏళ్లుగా ఇదే మాట," అంటూ తుక్కు ఫెండరు మీద నాలుగో జత వేశాడు వర్జిల్.

క్రెయిగ్ రసమట్టం పెట్టి చూసి నోరు తెరిచాడు. తోక వాలింది. అతను ఆగమనేలోగానే వర్జిల్ అసలు ఫెండరు వైపు తిరిగాడు. క్రెయిగ్ గట్టిగా కళ్లు మూసుకున్నాడు. డ్రిల్లు రెండుసార్లు గుర్రుమంది. తరవాత బిళ్ల టక్కున కూర్చున్న చప్పుడు వినబడింది.

క్రెయిగ్ పరుగున వెళ్లి గోడకున్న ఫొటో తెచ్చాడు. కారు కొన్ననాడు నాన్న ఎడమ ఫెండరుకి ఆనుకుని నవ్వుతున్న ఫొటో అది. దాన్ని బిళ్ల పక్కన పట్టి చూశాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

"ఇదే. నాన్న కారు ఇదే," అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవడానికి సిగ్గు కూడా పడలేదు.

నెల్డా దీపం కింద పెట్టి, చెర్రీ పై కోయడానికి బయటికి నడిచింది.

కాస్త తేరుకున్నాక అడిగాడు క్రెయిగ్. "పెద్దాయనా, దీని మీద మా క్లబ్బు వాళ్లు పదకొండు పేజీల వ్యాసం రాశారు. డ్రైవరు కూర్చుంటే బండి ఎడమకి ఒరుగుతుందని ఇంజనీర్లు ముందే లెక్కేసి అలా వాల్చారట. నిజమేనా?"

వర్జిల్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ గుమ్మం వైపు చూశాడు.

"ఇంజనీర్లకేం తెలుసు అబ్బాయ్," అన్నాడు నెమ్మదిగా.

"ఆ ఏడాది కుడివైపు పేర్లు బిగించింది నెల్డా."