సేటు సున్నం డబ్బీ

"రంగు కలిపిన పసుపు! సగం ధరకియ్యి, లేకుంటే సంచులు ఎత్తుకపో లక్ష్మవ్వా," అన్నాడు ఆర్మూర్ మార్కెట్‌లో సేటు.

పాన్‌కు సున్నం రాసిన వేలితో ఆయన రుద్దిన పసుపుకొమ్ము నిజంగానే ఎర్రబడింది. చుట్టూ ఉన్న రైతులు నోరు మూసుకున్నారు.

ఇంటర్‌లో బైపీసీ చదువుతున్న లక్ష్మవ్వ కూతురు గంగమణికి ఒళ్లు మండింది. సేటు చేతిలోని సున్నం డబ్బీ గుంజుకుని, దుకాణం గడపకున్న పసుపు మీద రుద్దింది. గడపా ఎర్రబడింది.

"గీ గడపకు గూడ రంగు కలిపినవా సేటూ?"

గుమ్మానికి కట్టిన నిమ్మకాయ తెంపి పిండింది. ఎరుపు పోయి పసుపు మళ్లీ తేలింది.

"సున్నం క్షారం, నిమ్మరసం ఆమ్లం. క్షారం తాకితే ఏ పసుపైనా ఎర్రగైతది. బడిల సదివిన పాఠమే గిది!"

సేటు తల దించుకుని వేలి సున్నం పంచెకు తుడుచుకున్నాడు. గంగమణికి జాలేసింది.

"పోనీయవ్వా, సదువు లేక అన్నడు."

"సదువెందుకే? మొన్న ఈయన కొడుకు పెండ్లిల దిష్టి తీసింది నేనే. పసుపుల సున్నం కలిపి ఎర్రనీళ్లు జేస్తుంటే పక్కనే నిలవడి చూసిండు. ఆయనకు ఎరుకే బిడ్డా. మనం నోరు తెరువమనుకున్నడు."

లక్ష్మవ్వ సంచి మీద కూర్చుంది.

"కాంటా పెట్టు సేటూ."