ఎనిమిది మంది గీత

"అక్కడ కాదు తమ్ముడూ, నాలుగు వేళ్లు కిందికి గీయి," అంది పడవ తెచ్చిన సుశీల.

గిరిధర్ చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. టాటీబంధ్‌లో చాలా ఏళ్లుగా లారీలకు రంగులు వేస్తున్నాడు. ట్రైలర్ మీద పడవ వచ్చి అతని షెడ్డు ముందు నిలవడం ఇదే మొదటిసారి. అయినా నీటిచార చూసి గీత గీయడానికి పెద్ద తెలివి అక్కర్లేదనుకున్నాడు.

"నీళ్లు తాకిన చార ఇక్కడుంది చూడండి అక్కా. దీని కింద అంతా ఎర్రరంగు, నీళ్లకు ఆగేది. పైన తెల్లది, లారీలకు వేసేదే. గీత ఇక్కడే కదా రావాలి?"

"ఆ చార జనం కిక్కిరిసి ఎక్కినప్పటిది. ఇవి చూడు." ఆమె వంగి పడవకు ముందూ వెనకా మేకుతో లోతుగా గీకిన గుర్తులు చూపించింది. "నీళ్లలో ఎనిమిది మందిని కూర్చోబెట్టి నేనే గీకించాను. వీటిని కలుపు."

పక్క షెడ్డులో లారీల సొట్టలు తీసే డెంటింగ్ పనిచేసే యోగేష్ మెడ చాచాడు. "క్యా ఉస్తాద్! వెనకాల హార్న్ ప్లీజ్ కూడా రాసేస్తావా?"

"నువ్వు నోర్ముయ్." గిరిధర్ మళ్లీ సుశీల వైపు తిరిగాడు. "అట్లా అయితే తొమ్మిదో మనిషి ఎక్కగానే తెల్లరంగు నీళ్లలో మునుగుద్ది అక్కా. రోజూ మునిగితే పొక్కులొచ్చి పెచ్చులుగా ఊడుద్ది. గిరిధర్ పని బేకార్ అంటారు."

"ఊడాలి. ఊడితేనే తొమ్మిదో మనిషి ఎక్కాడని నాకు తెలుస్తుంది."

ఆమె గొంతు పెరగలేదు. గిరిధర్ పడవ వైపు చూశాడు. గీకిన చోట పాత నీలం రంగు కనిపిస్తోంది. రెండేళ్ల కిందటి వానల్లో అభన్‌పూర్ అవతల జలాశయంలో బోల్తాపడిన పిక్నిక్ పడవ కూడా నీలందే. ఐదుగురు పోయారు. పేపర్లో ఫొటో వేశారు.

"ఇది ఆ పడవేనా అక్కా?"

ఆమె తల ఊపింది.

"మీ వాళ్లున్నారా అందులో?"

"మా అబ్బాయి ఉన్నాడు. సునీల్."

గిరిధర్ సుద్దగీతను గుడ్డతో తుడిచేశాడు. రెండు గుర్తులూ ఒకే మట్టానికి వచ్చేదాకా ట్రైలర్ కింద జాకీ తిప్పాడు. మేస్త్రీలు వాడే లెవెల్ పైపులో నీళ్లు నింపి, ఒక కొస యోగేష్‌కి అందించాడు. యోగేష్ సుత్తి పక్కన పెట్టి వచ్చి పట్టుకున్నాడు. పైపులో నీళ్లు నిలిచిన చోటల్లా చుక్క పెట్టుకుంటూ పడవ చుట్టూ తిరిగి, చుక్కల వెంట టేపు అంటించాడు గిరిధర్.

"ఎండలో నిలబడకండక్కా," అని స్టూలు తెచ్చి వేశాడు. ఆమె కూర్చోలేదు.

రంగు ఆరాక టేపు లాగాడు. కింద ఎరుపు, పైన తెలుపు, మధ్య అంచు తిన్నగా వచ్చింది. సుశీల రోడ్డు దాకా వెళ్లి, అక్కడి నుంచి చూసి వచ్చింది.

"కనిపిస్తోంది. చాలు. నేను రోజూ గట్టుమీదే కూర్చుంటాను. నీళ్లు తెల్లరంగుకి తగిలితే తాడు విప్పనివ్వను."

గిరిధర్ ఉండబట్టలేకపోయాడు. "బిడ్డని మింగిన పడవ అక్కా. మళ్లీ నీళ్లలోకి దింపడానికి మీకు మనసెట్లా వచ్చింది? దీన్ని నడిపేవాడు మీ మాట వింటాడా?"

సుశీల ఆ అంచు మీదుగా వేలు పోనిచ్చింది.

"నడిపేది మా సునీలే తమ్ముడూ. ఆ రోజు అంతమందిని ఎక్కించుకున్నదీ వాడే. సోమవారం జైలు నుంచి వస్తున్నాడు."