సిమియు రాసిన వాక్యం

"ఒక్క వాక్యం దిద్దాలి బాబూ," అన్నాడు పెద్దాయన, కాగితం బల్ల మీద పెట్టి.

ముటిండాకి నవ్వొచ్చింది. నైరోబీలోని ఆ ఆఫీసుకి డాక్యుమెంటేషన్ పేజీని అచ్చు వేయించుకుని వచ్చిన మొదటి మనిషి ఆయనే.

ఎవరు ఏ వాక్యం ఎప్పుడు రాశారో మరిచిపోకుండా దాచిపెట్టే సాఫ్ట్‌వేర్ వాళ్లది. దాన్నెలా వాడాలో చెప్పే డాక్యుమెంటేషన్‌కి ముటిండా కాపలా. అతను ఊ అంటే తప్ప అందులో కామా కూడా కదలదు.

"ఏమిటి తప్పు?"

"మీ సాఫ్ట్‌వేర్ దాచిన ఫైళ్లకి ఒక జాబితా కడుతుంది కదా, దాని మొదట్లో ఉండే అంకె ఫైళ్ల లెక్క అని రాశారు. అందరికీ తెరిచి ఉంచిన మీ కోడ్‌లో చూస్తే ఫోల్డర్లని కూడా కలిపి లెక్కపెడుతోంది. ఇది నమ్మి ఎవరైనా చెడిపోయిన జాబితాలో ఆ అంకెని ఫైళ్ల లెక్కకి తగ్గిస్తే చివరి ఫైళ్లు గల్లంతే."

"మీరు కోడ్ రాస్తారా?"

"లేదు బాబూ. మొంబాసా రోడ్డు మీద ముప్పై ఏళ్లు లారీ నడిపాను."

పక్క బల్ల దగ్గర మోరా కిసుక్కుమంది. "బ్రేకులు పడలేదా పెద్దాయనా, నేరుగా ఇక్కడికొచ్చేశారు!"

ముటిండా ఆ వాక్యం రాసిందెవరో కంప్యూటర్లో వెతికాడు. సిమియు అని వచ్చింది.

"అసలు ఈ జాబితా కట్టే కోడ్ రాసిందే సిమియు. చనిపోయి నాలుగేళ్లయింది. ఎక్కడో దూరాన్నుంచి రాసి పంపేవారు, మేమెవరం ఆయన్ని చూడలేదు గానీ, ఆయన రాసిందే మాకు శాసనం. పైగా రాసినవాళ్లు ఒప్పుకోందే వాక్యం మార్చకూడదని మా రూలు. ఆయన్ని ఎక్కణ్ణుంచి తెమ్మంటారు?"

"తప్పు అలాగే ఉంటే, నష్టపోయినవాళ్లు అతన్నే తిడతారు కదా?"

"తిడితే మీకెందుకు నొప్పి?"

పెద్దాయన పెన్ను తీశాడు. కాగితం కింద మకోఖా అని పేరు, ఫోన్ నంబరు రాసి వెళ్లిపోయాడు.

ఆర్నెల్లు గడిచాయి. ఎల్డొరెట్‌లో ఒక టీచరమ్మ ఈ సాఫ్ట్‌వేర్‌లోనే తన అమ్మమ్మ భాషకి నిఘంటువు కూర్చుకుంటోంది. ఆ పేజీ నమ్మి జాబితా బాగుచేయబోయింది. చివరి రెండేళ్ల కష్టం తుడిచిపెట్టుకుపోయింది.

"ఎవడీ సిమియు? వాడి చేతులు పడిపోను!" అని, ఆ పేరు వెతికి పట్టుకుని, ఇంటర్నెట్‌లో అందరూ చూసేలా రాసింది.

ఆమె వెనక వందమంది అందుకున్నారు.

మోరా కోడ్ తెరిచి చూసింది. "పెద్దాయన చెప్పిందే నిజం," అంది, మొహం దించుకుని.

ముటిండాకి సిగ్గేసింది. వెంటనే ఫోన్ చేశాడు. ఎవరో ఆడమనిషి ఎత్తింది.

"మకోఖా గారున్నారా అమ్మా? ఆయన చెప్పిన వాక్యం ఇప్పుడే దిద్దేస్తాం."

"నాన్నని పాతిపెట్టి రేపటికి నెల."

ముటిండా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"పోయేదాకా మీ కోడే చదివాడు. అరవై దాటాక అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్నాడు," అందామె.

"ఆయనకెందుకంత నొప్పో ఆ రోజు ఒక్క ముక్క చెప్పుంటే..." అన్నాడు ముటిండా.

"చెప్పమనే పోరాను. 'నా కొడుకు రాసింది తప్పని నలుగురిలో నా నోటితో ఎలా అనమంటావే' అన్నాడు."