తెల్లగా దిగాలి

"తెల్లగా దిగితే తాళాలు నీ చేతికిస్తా. ఎర్రగా దిగిందా, ఊట, కార్ఖానా అన్నీ కలిపి కొంటానంటున్న ఆ హోటలువాడికి అమ్మిపారేస్తా. తర్వాత నా దగ్గర ఏడవకు."

తియోఫిల్ ఈ మాట అని ఏడాదైంది. ఇవాళ అచ్చు విప్పే రోజు. విప్పాల్సింది అతని కూతురు ఒడీల్.

ఫ్రాన్సు నడిమధ్య మా ఓవెర్న్ కొండల్లో వేడినీటి ఊటలకి కొదవ లేదు. ఆ నీళ్ళలో సున్నం ఉంటుంది. గుహలో నిచ్చెనల మీద అచ్చులు పేర్చి, వాటి మీద నీళ్ళు చినుకుల్లా పడనిస్తే, ఏడాది తిరిగేసరికి అచ్చులో పేరుకున్న సున్నమే రాతిబొమ్మ అవుతుంది. తియోఫిల్ వాళ్ళు తాతల నాటినుంచీ చేస్తున్నదదే. చిక్కంతా ఇనుముతో. సున్నంతో పాటు అదీ ఉంటుంది కదా! అందుకని పై కాలవలో చెక్కపొట్టు పరిచి, తుప్పంతా దానికే పట్టనిచ్చి, తేరిన నీళ్ళు కిందికి వదలాలి. పొట్టు ఎర్రబడగానే మార్చాలి. మార్చలేదా, ఏడాది కష్టం ఇటుకముక్క. ఎవడూ కొనడు.

పై కాలవ కాపలా తియోఫిల్‌ది. ఇంకెవర్నీ అటు అడుగు పెట్టనివ్వడు. కింద అచ్చులు తిప్పే పని ఒడీల్‌ది.

మనిషి మునుపు ఇలా ఉండేవాడు కాదు. పెళ్ళాం పోయాక ముసలాడికి పొగరెక్కిందని ఊరంతా అనేదే. వీధిలో ఎదురైతే పలకరించడు. మనం పలకరిస్తే గుర్రుమంటాడు. సాయంత్రాలు కెఫేలో పేకాటకి రావడం మానేశాడు. అదేమయ్యా అంటే, "మీరంతా ముక్కలు దాచే దొంగలు" అన్నాడు, నన్నూ కలిపి. లక్షణమైన కారు అమ్మేశాడు. కార్ఖానాలో స్టూలు జానెడు జరిగితే చాలు, ఇల్లు పీకి పందిరేస్తాడు.

"ఎక్కడి వస్తువు అక్కడుండాలని ఎన్నిసార్లు మొత్తుకోవాలే నీకు!"

ఆ పిల్ల ఎలా పడుతోందో మాకెవరికీ అర్థమయ్యేది కాదు.

పడింది, ఎందుకంటే ఈ అచ్చు ఆమె సొంతం. తాతలు వదిలిపోయింది కాదు, తన చేత్తో చెక్కుకున్నది. చనిపోయిన అమ్మ ముఖం.

నిన్న ఉండబట్టలేక, దాని పక్కనే ఉన్న చిన్న పతకం అచ్చు విప్పి, రాయి ఆరబెట్టింది. తడిగా ఉన్నంతసేపూ ఆ గుహలో అన్నీ ఒకటే రంగు. ఆరితేగానీ అసలు రంగు తెలీదు. ఆరింది. ఎర్రటి ఇటుక. విరిచి చూస్తే లోపలిదాకా ఎరుపే. ఒడీల్ అక్కడే కూలబడిపోయింది.

తప్పు తనదే అనుకుంది. చలికాలంలో నాన్న దగ్గుతో మంచం పట్టిన వారం కాలవ చూసింది తనే. వెళ్ళేసరికే పొట్టు ఎర్రగా ఉంది. రేపు మారుద్దాంలే అని ఒక రోజు బద్ధకించింది. ఆ ఒక్క రోజే కొంప ముంచిందని రాత్రంతా తలబాదుకుంది.

మధ్యాహ్నమవుతుండగా తియోఫిల్ వచ్చాడు. ఆదివారం కోటు వేసుకుని మరీ వచ్చాడు. తన స్టూలు మీద కూర్చుని మొహం చిట్లించాడు.

"ఎండ తగలట్లేదేమే? కిటికీ మూశావా?"

"తలుపు బిగుసుకుపోయింది నాన్నా. వానకి ఉబ్బినట్టుంది. లాంతరు తేనా?"

"లాంతరు వెలుగులో రాయి చూడ్డం మన ఇంటా వంటా లేదు. ముందు అచ్చు విప్పు, తర్వాత కిటికీ సంగతి."

రాత్రంతా పొయ్యి పక్కన ఆరిన అచ్చుని ఒడీల్ విప్పింది. అచ్చు మెల్లగా ఊడి వచ్చింది. ఎక్కడా పగుల్లేదు. అమ్మ ముక్కు, అమ్మ బుగ్గ మీద సొట్ట, అన్నీ దిగాయి. మసక చీకట్లో రంగు తెలియడం లేదు.

"ఒక్క ముక్కగా వచ్చింది కదూ?" అన్నాడు తియోఫిల్, చెవి రిక్కించి.

"వచ్చింది నాన్నా."

"మరింకేం! పోయి ఆ కిటికీ తెరు. ఎండలో చూడందే నేను ఏ మాటా చెప్పను."

"ఇలాగే చూసెయ్యొచ్చుగా..."

"నాకు నేర్పుతున్నావా? తెరవమన్నానా!"

బిగుసుకుపోయిందని ఇంకోసారి అనొచ్చు. ఈ చీకట్లో ఇలాగే గట్టెక్కొచ్చు. కానీ అమ్మ ముఖం ముందు పెట్టుకుని నాన్నని మోసం చెయ్యడానికి ఆమెకి మనసొప్పలేదు. సిగ్గేసింది. వెళ్ళి కిటికీ తలుపులు బార్లా తోసేసింది.

మిట్టమధ్యాహ్నం ఎండ బల్ల మీద పడింది. నుదుటినుంచి గడ్డందాకా అమ్మ ఎర్రగా ఉంది. తుప్పుపట్టిన రేకులా ఉంది. ఒడీల్‌కి ఏడుపు తన్నుకొచ్చింది. చప్పుడు కాకుండా వెనక్కి జరిగి, గది ఆ మూల గోడకి ఆనుకుని, రాబోయే తిట్లకోసం ఎదురుచూసింది.

తియోఫిల్ బల్ల మీదికి వంగి, ఆ ముఖాన్ని రెండు చేతులతో నిమిరి నిమిరి, కళ్ళు నిండిపోతుండగా, "మంచుముద్దలా ఎంత తెల్లగా దిగిందే మీ అమ్మ!" అంటూ, ఎవరూ లేని కిటికీ వైపు తాళాలగుత్తి చాచాడు.