పాటలో పాప

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. తన పాపలో ఏదో లోపం ఉంది, అది అందరికీ తెలుసు, తనకే చెప్పడం లేదు.

ఆ భయం బొమ్మల పుస్తకంతో మొదలైంది.

భర్త పాటలు రాస్తాడు, పాడతాడు. నెలలో సగం రోజులు కచేరీలంటూ ఊళ్ళు పట్టుకు తిరుగుతాడు. ఆయన జోలపాటకు మంచి పేరొచ్చింది. దాన్ని అరచేతిలో ఇమిడే పుస్తకంగా వేద్దామన్నాడు. ఒక పేజీలో పాట, ఎదుటి పేజీలో బొమ్మ. ఆమె చదువు పెళ్ళితో ఆగింది కానీ చేతిలో పెన్సిల్ ఆగలేదు.

"మన పాపని ఎదురుగా కూర్చోబెట్టుకుని గీస్తానండీ" అంది మురిసిపోతూ.

'ఉంగరాల జుట్టులోన ఊయలూగే చిరుగాలి...'

పాప జుట్టు దువ్వెన అక్కర్లేనంత తిన్నగా ఉంది. పాటన్నాక ఆ మాత్రం ఉంటుందిలే అని నాలుగు మెలికలు తిప్పింది.

'ఎడమ బుగ్గ సొట్టలోన వెన్నెలంతా దాచినావే...'

కితకితలు పెట్టింది. పాప విరగబడి నవ్వింది. సొట్ట మాత్రం పడలేదు.

'నాన్న చెప్పులేసుకుని గుమ్మందాకా ఎదురొచ్చి...'

ఏడాది నిండబోతున్నా పాప గోడ పట్టుకుని కూడా నిలబడదు.

పాపని చంకనేసుకుని డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తింది.

"పిల్ల నిక్షేపంలా ఉంది. తొలి కాన్పు కదా, నీకే అన్నీ భయాలు."

"మరి పాటలో..."

"పాట రాసింది నేను కాదుగా తల్లీ! మీ ఆయన్నే అడుగు."

అడిగింది.

"ఏం చాదస్తమే నీది! పాటలో అన్నీ నిజాలే రాస్తారా?"

"అయితే సొట్ట తీసేసి మన పాపలాగే గీస్తాను."

ఆయన ఉలిక్కిపడ్డాడు. "వద్దు! పాటలో ఎలా ఉంటే అలాగే ఉండాలి."

పైగా పక్కనే కూర్చుని దిద్దించాడు. కళ్ళు ఇంకొంచెం పెద్దవి, గడ్డం కాస్త కోసుగా. చెరిపి గీసిన ప్రతిసారీ కాగితం మీంచి తన పాప పక్కకి తప్పుకుంటున్నట్టు అనిపించింది ఆమెకు.

పాపం, ఆయనకీ అదే దిగులు కాబోలు. ఏ లోపమూ లేని పాపని బొమ్మలోనైనా చూసుకోవాలనుకుంటున్నాడు. వంటగదిలోకి వెళ్ళి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది, పాప కోసం కొంత, ఆయన కోసం కొంత.

పేజీలు అచ్చయ్యాయి. ఆయన కచేరీకి వెళ్ళడంతో, పాపని ఎత్తుకుని బైండింగ్ షాపుకి తనే వెళ్ళింది. ఫలానా ఆయన భార్యనని చెప్పుకుంది.

బైండరు చేతికంటిన జిగురు తుడుచుకుని ఒక్కో పేజీ తిప్పాడు. బొమ్మని చూశాడు. ఆమె చంకలో పాపని చూశాడు. మళ్ళీ బొమ్మని చూశాడు.

"ఒక మాటడుగుతాను, ఏమీ అనుకోవుగా అమ్మా?"

పాపలో లోపం బయటివాడి కంటికీ ఆనిందన్నమాట. ఆమె పాపని గుండెలకు అదుముకుంది.

"అడగండి బాబాయ్."

"మొన్న మీ ఆయన ఎత్తుకొచ్చినప్పుడు మీ పెద్దమ్మాయికి, అదే, ఈ బొమ్మలో పిల్లకి, ఒళ్ళు కాలిపోతోంది. జ్వరం తగ్గిందా అమ్మా?"